సిమో హేయ్‌హా: గురి తప్పని మనిషి, ఇల్లు పోయిన మనిషి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును పిలిచారు కదా, ఉద్యోగాల గురించి చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. నేను ఒక సైనికుడి గురించి చెప్తాను. మా అబ్బాయి ఫోన్‌లో తుపాకీ ఆట ఆడుతూ, "నాన్నా, ఈయన ఒక్కడే 500 మందిని కొట్టాడంట!" అన్నాడు. ఆయన పేరు సిమో హేయ్‌హా. ఆ అంకె నన్ను ఊరుకోనివ్వలేదు. దొరికినంత చదివాను.

హేయ్‌హా 1905 డిసెంబరు 17న ఫిన్లాండులో, రష్యా సరిహద్దు దగ్గరి పల్లెలో పుట్టాడు. రైతు కుటుంబం. అయిదడుగుల మూడంగుళాల మనిషి, మితభాషి. వేట, తుపాకీ పోటీలు ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండు మీదికి వచ్చినప్పుడు ఆయన్ను కొల్లా అనే చోట నిలబెట్టారు. అక్కడ చలి సున్నాకు 40 డిగ్రీల కిందికి దిగేది. తెల్ల దుస్తులు వేసుకొని, మంచులో గంటల తరబడి కదలకుండా పడుకొనేవాడు.

ఇంజనీరుగా నన్ను ఆకట్టుకున్నది ఆయన పనితీరు. రైఫిల్‌కు దుర్భిణీ వద్దన్నాడు. దాంట్లోంచి చూడాలంటే తల కొంచెం పైకెత్తాలి. దాని అద్దం ఎండకు మెరిస్తే శత్రువు కనిపెడతాడు. అందుకని మామూలు ఇనుప గురితోనే కాల్చాడు. ఊపిరి ఆవిరై కనిపించకుండా నోట్లో మంచు పెట్టుకొనేవాడు. కాల్చినప్పుడు మంచు పొడి లేవకుండా గొట్టం ముందున్న మంచును గట్టిగా అదిమేవాడు. ఖరీదైన పనిముట్టు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా సాధన, ఓపిక. గుంట మగ్గంలో కూర్చుని పోగు పోగూ చూసుకుంటూ గద్వాల చీర నేసిన మా నాయన గుర్తొచ్చాడు.

1940 మార్చి 6న ఒక పేలుడు తూటా ఆయన ఎడమ దవడను చీల్చేసింది. వారం తర్వాత, మార్చి 13న స్పృహ వచ్చింది. యుద్ధం ఆగిపోయింది కూడా అదే రోజు. ముఖానికి ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. మచ్చ మాత్రం చివరిదాకా ఉండిపోయింది.

ఇక ఆ అంకె సంగతి. 500కు పైగా అంటారు. కచ్చితమైన లెక్క మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఆయన రాసుకున్న నోటు పుస్తకం ఒకటి 2017లో బయటపడింది. అందులో ఆ లెక్కకు ఆయన పెట్టుకున్న పేరు "పాపాల జాబితా". లోకం గొప్పగా చెప్పుకొనే అంకెను ఆయన అలా రాసుకున్నాడు. అవతల పడిపోయిన వాళ్లూ ఎవరో తల్లుల బిడ్డలే కదా. ఈ మాట మా అబ్బాయికి చెప్తే ఫోన్ పక్కన పెట్టి కాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి నన్ను మన రాజోలికే తీసుకొచ్చింది. ఏ ఊరి కోసం ఆయన పోరాడాడో ఆ పొలం, ఆ ఇల్లు సంధిలో సోవియట్ వైపు వెళ్లిపోయాయి. సుమారు 4 లక్షల మంది ఫిన్లాండు వాళ్లు అలా ఊళ్లు వదిలి వచ్చేశారు. హేయ్‌హాకు రువొకొలహ్తి అనే చోట కొత్త భూమి ఇచ్చారు. అక్కడే వ్యవసాయం చేసుకున్నాడు, కుక్కలను పెంచాడు, వేటాడాడు. యుద్ధం గురించి పెద్దగా మాట్లాడలేదు. 2002 ఏప్రిల్ 1న, 96 ఏళ్ల వయసులో పోయాడు.

2009 అక్టోబరులో తుంగభద్ర మన ఊళ్లోకి వచ్చింది. ఇక్కడున్న చాలామంది ఇళ్లు పోయాయి. మా ఇల్లు, నాయన మగ్గం కూడా పోయాయి. కొత్త ఇంట్లోకి చేరాక నేను, "నాయనా, ఇది సిమెంటు ఇల్లు, పాతదాని కంటే గట్టిది" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. రోజూ పొద్దున లేచి ఏటి దిక్కు చూసేవాడు. అది మొండితనం అనుకున్నాను, ఒకసారి విసుక్కున్నాను కూడా. నాయన ఇప్పుడు లేడు. ఎక్కడో మంచుదేశపు మనిషి కథ చదివితే గానీ మా నాయన మౌనం నాకు అర్థం కాలేదు. పోయిన ఇంటికి గోడల బలంతో లెక్క కట్టాను నేను.

పిల్లలూ, గురి నేర్చుకోండి, సాధన చేయండి. ఎవరి గురించైనా అంకె వింటే అక్కడే ఆగకండి, ఆ మనిషి గురించి కూడా అడగండి. ఇవాళ ఇంటికి వెళ్లాక పాత ఊళ్లో మీ ఇల్లు ఎక్కడుండేదో మీ తాతను, అవ్వను అడగండి. నేను మా నాయనను అడగలేదు.