పార్శ్వఘాతము - కటిరక్షణము



విద్యానిధినిగూర్చియు, వసతిగృహమునుగూర్చియు పెద్దలు విపులముగా ప్రసంగించిరి. ఈ సభ ముగియగనే మీలో ననేకులు కార్లలో ఇండ్లకు మరలుదురు గావున, మేము దారినిగూర్చి నాలుగుమాటలు మనవి చేయుదుము.

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరులమీదుగా కడపకు పోవు 40వ జాతీయరహదారియందు నడుమగట్టునకు అక్కడక్కడ సందులు కలవు. పల్లెదారినుండి వచ్చిన కారు ఆ సందున అడ్డముగా తిరుగునపుడు, వేగముగా వచ్చు లారికి దాని ప్రక్కభాగ మెదురగును. కారునకు ముందువైపున ఇంజనుభాగ ముండి దెబ్బను కొంత మ్రింగును. ప్రక్కన అట్టి యెడము లేదు. తలుపునకును తుంటికిని నడుమ నున్నది జేనెడు చోటు. తలుపు లోనికి క్రుంగి తుంటిని తాకినపుడు, తొడయెముక తల కటియందలి గిన్నెలోనికి చొచ్చుకొనును. కటివలయము నలిగి విఱుగును. దాని నంటియున్న రక్తనాళములు తెగినచో, వెలుపల చుక్కయైనను కానరాక రక్తము లోపలనే నిండును.

సుశ్రుతాచార్యులు శారీరస్థానమున కటియందు ఐదు ఎముకలను లెక్కించి, కటీకతరుణములను మర్మములు దెబ్బతిన్నవాడు రక్తక్షయమువలన పాలిపోయి మరణించునని చెప్పియున్నారు. నేటి శస్త్రవైద్యులు శంకించునదియు ఇదియే.

కావున "పైకి గాయమేమియు లేదు, ఆటోలో కూర్చుండబెట్టుడు" అను మాట ప్రాణాంతకము కావచ్చును. అట్టివానిని కాళ్లు పట్టి లాగరాదు, నిలువబెట్టి నడిపింపరాదు, తుంటిని నొక్కి చూడరాదు, నీరు త్రాగింపరాదు. నిప్పు మొదలగు అపాయము లేనిచో, ఉన్నచోటనే కదలకుండ నుంచి, దుప్పటి కప్పి, 108కి ఫోను చేయవలయును. సాయపడినవారికి వ్యాజ్యముల భయము వలదు. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టమందలి 134ఏ సెక్షను సద్బుద్ధితో సాయపడినవారిని కాపాడుచున్నది.

క్రొత్తకారు కొన్నవారు తమకీ భయము లేదనుకొనరాదు. 2017 అక్టోబరునుండి మనదేశమున క్రొత్త నమూనాకార్లకు పార్శ్వఘాతపరీక్ష విధింపబడినమాట నిజమే. కాని ఆ పరీక్షయందు ప్రక్కను తాకు బండి బరువు సుమారు 950 కిలోలు, వేగము గంటకు 50 కిలోమీటర్లు మాత్రమే. బేతంచెర్ల బండలతో నిండివచ్చు లారి బరువెంతయో మీరే యెఱుగుదురు. ప్రక్కతలుపున గాలిసంచులున్నను, సందువద్ద ఆగి చూచుటకు మించిన రక్షణము లేదు.

బెల్టును వెనుకసీటువారును పెట్టుకొనవలయును. దాని క్రిందిపట్టీ పొట్టమీద గాక తుంటియెముకలమీద నుండవలయును. బెల్టు లేనివాడు ప్రక్కవానిమీద పడి వానినిగూడ గాయపఱచును. పెండ్లికారులో ఐదుగురి చోట తొమ్మండుగురిని కూర్చుండబెట్టుట, బిడ్డలను ఒడిలో నుంచుకొనుట మనలో వేడుకగా సాగుచున్నవి. పెద్దలే వీనిని మాన్పింపవలయును.

ప్రతి శాఖయందును ఇద్దఱు యువకులకు ప్రథమచికిత్స నేర్పించుటకు విద్యానిధినుండి కొంత సొమ్ము కేటాయింపవలసినదని ఈ మహాసభవారిని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.