గోమారి పట్టిందా? భయపడొద్దు, మాట దాచొద్దు

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మల్లాపూర్ మండల యువత ముందు చేసిన ప్రసంగం)

 

మొన్న మన పిల్లగాడొకడు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, బర్రెను కడుగుతుంటే గోమారి నన్ను పట్టింది. దీనితోని లైమ్ రోగం వస్తదట, నిజమేనా?" అని అడిగాడు. ఈ రోజు నా మాటంతా ఆ ప్రశ్నకు జవాబే.

లైమ్ నిజమైన జబ్బే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఉన్న లైమ్ అనే ఊరి పేరే దానికి వచ్చింది. 1975 ప్రాంతంలో అక్కడ చాలామంది పిల్లలకు కీళ్లు వాస్తుంటే డాక్టర్లు ఆరా తీశారు. దాని క్రిమిని గోమారిలో కనుగొన్న సంగతి 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం లోకానికి చెప్పింది. ఆ క్రిమిని మోసేవి ఇక్సోడిస్ జాతి గోమార్లు. మన పశువులకు, కుక్కలకు మామూలుగా పట్టేవి వేరే జాతులు. కాబట్టి మన దగ్గర లైమ్ ముప్పు చాలా తక్కువ. చదువుకో, పనికో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు పోయేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి: గోమారి పట్టినచోట ఎర్ర మచ్చ రోజురోజుకూ పెద్దదవుతుంటే డాక్టర్‌ను కలవాలి.

మరి మనం దేనికి జాగ్రత్త పడాలి? స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి. దీన్ని తెచ్చేది గోమారి కాదు, గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి లాంటి చిన్న పురుగు పిల్ల. కంటికి సరిగా ఆనదు. వానలు పడి గడ్డి పెరిగినప్పటి నుంచి చలికాలం దాకా దీని కాలం. కుక్కల గోమారితో ఒంటి మీద మచ్చలు తేలే జ్వరం కూడా రావచ్చు.

మా చిన్నాయన సంగతి చెప్తాను. మేకలు కాసి వచ్చాక ఆయనకు జ్వరం పట్టింది. ఎనిమిది రోజులు సూదులు, గోళీలతోనే గడిపాడు. ఆయాసం మొదలైనాక ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ నర్సమ్మ ఒళ్లంతా వెతికి, మొలతాడు కింద నల్లటి పొక్కు చూసింది. బీడీతో కాల్చినట్టు ఉంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆయనకే తెలియదు. సరైన మందు పడ్డాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. "అడవికి పోయిన అని ముందే ఎందుకు చెప్పలేదే?" అంటే, "అడిగితే గదా! చెప్తే నవ్వుతరనుకున్న" అన్నాడు.

ఆ సిగ్గు ఇంకొంచెం ఉంటే మా చిన్నాయన మాకు దక్కేవాడు కాదు. ఆలస్యమైతే ఈ జ్వరం ఊపిరితిత్తులను, కిడ్నీలను, మెదడును దెబ్బతీస్తుంది. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుకు లొంగుతుంది. ఆ మందు డాక్టర్ చెప్తేనే వాడాలి. గర్భిణులకు వేరే మందు ఇస్తారు.

ఇక చేయాల్సిన పనులు. కట్టెలకు, తునికాకుకు, మేకల వెంట పోయేటప్పుడు నిండు చేతుల అంగీ, ప్యాంటు వేసుకోండి. గడ్డి మీద ఊరికే పడుకోకండి, దుప్పటి పరుచుకోండి. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, బట్టలు ఉతకండి. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, మొలతాడు కింద చూసుకోండి. పిల్లలకు తల వెంట్రుకల్లో, చెవుల వెనక కూడా చూడండి.

గోమారి అంటుకుంటే కిరోసిన్ పోయొద్దు, బీడీ అంటించొద్దు, గోళ్లతో నలపొద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, మెల్లగా నేరుగా పైకి లాగాలి. తర్వాత సబ్బుతో కడిగి, ఆ తేదీ ఫోన్‌లో రాసుకోండి.

రెండు మూడు వారాల్లోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి వస్తే ఆగకండి. ఆశా అక్కకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. ఆయాసం, మగత ఉంటే 108కు ఫోన్ చేయండి. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి: "సార్, నేను అడవికి పోయిన. గడ్డిలో కూర్చున్న. ఇక్కడ నల్ల పొక్కుంది." ఆడపిల్లలు సిగ్గుపడితే నర్సమ్మకు చూపించండి.

మన తాతలు అడవిలోనే బతికారు. అడవికి పోయినమని చెప్పడంలో చిన్నతనం ఏముంది? ఈ రాత్రి ఇంటికి పోయాక మీ అమ్మకు, నాన్నకు ఈ నల్ల పొక్కు సంగతి చెప్పండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం ఉంటే ముందు అదే వెతకండి.

జోహార్.