ఆ అవ్వ శంషాబాద్‌లో దిగితే

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు, మీకంటే ఎక్కువ సంబరపడుతున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

ఈ ఉదయం మీలో చాలామంది ఔటర్ రింగ్ రోడ్డు దిగి బుద్వేల్ చేరుకుని ఉంటారు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో కొంత భాగం జపాన్ సంస్థ జైకా ఇచ్చిన రుణంతో వేసిందే. కందిలోని హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణానికీ ఆ దేశం చేయూతనిచ్చింది. అయినా మీ చిన్నప్పుడు జపాన్ మీ ఇంట్లోకి వచ్చింది డోరేమాన్ చెయ్యి పట్టుకునే కదా!

కథలతో, బొమ్మలతో మనసులు గెలిచే ఈ సాఫ్ట్ పవర్ బలమెంతో, దాని హద్దెక్కడో కొరియాను చూస్తే తెలుస్తుంది. 1910 నుంచి 1945 దాకా జపాన్ పాలనలో నలిగిన నేల అది. జపాన్ సినిమాలకూ పాటలకూ మూసిన తలుపులను దక్షిణ కొరియా 1998 నుంచి ఒక్కొక్కటిగా తెరిచింది. అయిదేళ్లకు కొరియా సీరియల్ ‘వింటర్ సొనాటా’ జపాన్ టీవీలో వస్తే, అక్కడి ఆడవాళ్లు షూటింగ్ జరిగిన చోట్లు చూడ్డానికి కొరియాకు ప్రయాణం కట్టారు. 2018లో 75 లక్షల మంది కొరియన్లు జపాన్ వెళ్లారు. మరుసటి ఏడాది జపాన్ పాలనలో కొరియన్ల చేత చేయించిన వెట్టిచాకిరికి పరిహారం గొడవ, దాని వెంటే వాణిజ్య ఆంక్షలు ముదిరేసరికి ఆ లెక్క 56 లక్షలకు పడిపోయింది. 2024లో మళ్లీ 88 లక్షలు దాటింది. కార్టూన్లు పాత గాయాన్ని మాన్పలేవు. ఆ న్యాయం వేరే జరగాల్సిందే. కానీ రాకపోకలు రుచి మరిగిన జనం తగాదా తర్వాత కూడా ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతారు. నాకు ఆశ కలిగించేది అదే.

ఇక మన సంగతి. 2022 అక్టోబరులో ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో విడుదలైంది. 2024లో అక్కడి తకరజుకా బృందం దాన్ని రంగస్థలం మీద ఆడింది. ఆ ఏడాదే దర్శకుడు రాజమౌళి దంపతులు వెళ్లినప్పుడు, 83 ఏళ్ల అవ్వ ఒకామె కాగితంతో వెయ్యి కొంగలు మడిచి కానుకగా పంపి, చలిలో థియేటర్ బయట నిలబడింది. ఒక్కో కొంగనూ ఎన్ని మడతలు పెట్టి, ఎన్నిసార్లు గోటితో నొక్కి ఉంటుందో ఆలోచించండి. తన్ను సంతోషపెట్టినవాళ్లు చల్లగా ఉండాలని ఆమె కోరిక.

ఆ అవ్వ రేపు ఇక్కడికి దగ్గర్లోని శంషాబాద్‌లో దిగితే? ఆమెకు మనం చూపించేదేమిటి? జపాన్ బౌద్ధులు ‘ర్యూజు’ అని కొలిచే ఆచార్యుడు మన నాగార్జునుడే. ఆయన పేరు నిలిపిన కొండ కృష్ణా జలాశయం నడుమ ఉంది. ఇవతలి ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనం ఉంది. అక్కడి శిల్పం ముందు ఆమెను నిలబెట్టి, ఆమె భాషలో దాని కథ చెప్పే మనిషి కావాలి.

మీలో కొందరైనా జపనీస్ నేర్చుకోండి. ఆమెకు ‘యోకోసో’ అని స్వాగతం చెప్పి, చెయ్యి అందించి, నాగార్జునకొండ లాంచీ ఎక్కించండి.