బొగ్గు ఊరి అమ్మాయి కథ

ఇల్లెందు, కొత్తగూడెం పిల్లలకు తమ ఊరిని గుర్తుచేసే అమెరికన్ నవల ఒకటుంది. సుజాన్ కాలిన్స్ రాసిన ‘ది హంగర్ గేమ్స్’. 2008లో వచ్చింది. అది రాబోయే కాలంలోని ఒక క్రూర రాజ్యం కథ. అందులో పన్నెండో జిల్లా అంతా బొగ్గు గనులే, పక్కనే అడవి. 1889లో ఇల్లెందులో తవ్వకాలు మొదలైన నాటి నుంచి బొగ్గునూ అడవినీ పక్కపక్కనే చూస్తున్న మనకు ఆ లోకం కొత్తగా అనిపించదు.

కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్లు. నాన్న గని పేలుడులో పోయాడు. విల్లు పట్టి, దాటకూడదన్న కంచె దాటి, వేటాడి ఇల్లు గడుపుతుంది. ఏటా ప్రతి జిల్లా నుంచి ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి చావు ఆటకు పంపుతారు. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. తిండి గింజల కోసం చేయి చాచిన పేద పిల్లల పేర్లతో చీటీలు ఇంకా పెరుగుతాయి. చెల్లెలి పేరు రాగానే కాట్నిస్ తానే ముందుకొస్తుంది.

ఇంత చీకటి కథ యువతకు ఎందుకు నచ్చుతుంది? అన్యాయం ఎలా పనిచేస్తుందో ఆ చీటీల లెక్క విప్పి చూపిస్తుంది కనుక. పైగా కాట్నిస్ భయపడుతుంది, పొరబడుతుంది, అయినా ఎవరో వచ్చి కాపాడతారని కూర్చోదు.

హింస ఉన్న కథ కాబట్టి హైస్కూలు వయసు పిల్లలకు ఇవ్వండి. చదివాక, ఈ ఆట వల్ల లాభం ఎవరికని అడగండి. ఆ ప్రశ్న అలవాటైన అమ్మాయి రేపు వార్తలనూ అలాగే చదువుతుంది.