అడిగితేనే తెలిసే చరిత్ర
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రికల్లో పనిచేసేవాళ్లం రోజూ వార్తలు రాస్తాం. తెల్లారేసరికి అవి పాతబడతాయి. కొందరు జర్నలిస్టులు మాత్రం ఏళ్ల తరబడి మనుషుల ముందు కూర్చుని, యుద్ధకాలంలో వాళ్లు ఎట్లా ప్రేమించారో, ఎట్లా బతికి బయటపడ్డారో విని పుస్తకాలు రాశారు. అవి నవలలా చదివిస్తాయి గాని వాటిలో కల్పన ఉండదు.

బెలారస్ జర్నలిస్టు స్వెత్లానా అలెక్సీవిచ్ రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన వందలాది సోవియట్ స్త్రీలను కలిశారు. చావు గురించి దాచుకోకుండా చెప్పినవాళ్లే ప్రేమ మాట వచ్చేసరికి వెనకాడేవారని ఆమె రాశారు. ఆ పుస్తకం 1985లో వచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి దక్కింది.

1986లో మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జీవితాలు అవి. దళంతో అజ్ఞాతంలో ఉన్న కమలమ్మ తన పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన సంగతి అందులో ఉంది. దళాలు ఎక్కడ తిరిగాయో ఎవరైనా రాయగలరు. ఆ తల్లి కడుపుకోత మాత్రం ఆమెను అడిగితేనే తెలిసింది.

జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ 'ది లాస్ట్ హీరోస్' 2022 చివర్లో వచ్చింది. అందులో ఉన్న మల్లు స్వరాజ్యం గారు ఆ ఏడాది మార్చిలోనే కన్నుమూశారు. అడగడం ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇక మన బంట్వారం సంగతి. బీదర్, గుల్బర్గా మనకు దూరం కావు. రజాకార్ల రోజుల్లో కొన్ని ఇళ్లలో భయం. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత మరికొన్ని ఇళ్లలో భయం. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఆ రెండింటినీ సుందర్‌లాల్ కమిటీ పేర్కొంది. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఎవరు ఎవరిని దాచారు? ఎవరికి ఎవరు జొన్నరొట్టె పెట్టారు? ఎవరి లగ్గం ఆగిపోయింది? రెండు రకాల ఇళ్లకూ వెళ్లి అడగాలి.

అడిగే పద్ధతి ఒకటుంది. తేదీ అడిగితే పెద్దవాళ్లు తడబడతారు. ఏ పండుగ ముందు, ఏ పంట కోసేటప్పుడు అని అడిగితే గుర్తొస్తుంది. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాలి. వాళ్లు మౌనంగా ఉండిపోతే, మౌనంగా ఉన్నారనే రాయాలి. ఆ ఖాళీని మన ఊహతో నింపితే అది కథ అవుతుంది, వాళ్ల బతుకు కాదు. పేరు వద్దంటే పేరు రాయకూడదు.

1948లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. గురువులకు నా విన్నపం ఒక్కటే: తొమ్మిది, పది తరగతుల పిల్లలచేత వాళ్ల నాయనమ్మలను, తాతలను అడిగించి రాయించండి. పూర్వ విద్యార్థులం మనం ఆ నోటుపుస్తకాలను బడి లైబ్రరీలో భద్రపరుద్దాం. అచ్చు వేయడం తర్వాతైనా చేయవచ్చు. అడగడానికి మాత్రం వ్యవధి లేదు.

సెలవు.