రసీదు ఒకరిది, కాలువ మరొకరిది

(కొత్తవలస పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు రావు గానీ ఫైలు ఎలా నడుస్తుందో తెలుసు. ఉద్యోగరీత్యా వేరే జిల్లాలో ఉన్నప్పుడు ఒక ఊళ్ళో స్థలం కొని, ప్లాను మంజూరుకు అభివృద్ధి రుసుము కట్టాను. రసీదు బీరువాలో భద్రంగా ఉంది. మురుగునీరు మాత్రం వీధిలోనే ఉండిపోయింది. పంచాయతీలో అడిగితే "ఆ సొమ్ము మాకు రాలేదండీ" అన్నారు. రుసుము కట్టిన చోట అడిగితే "కాలువ పంచాయతీ పని" అన్నారు. ఇద్దరూ అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంటికి బంధువులు పెరిగితే ఇంకో పొయ్యి పెట్టాలి. ఊరికి ఇళ్ళు పెరిగితే నీటి గొట్టం, రోడ్డు, కాలువ పెరగాలి. ఆ ఖర్చు పాతవారి ఇంటిపన్ను మీద పడకుండా కొత్త కట్టడం మీద వేయడమే ఈ రుసుము ఉద్దేశం.

మన పిల్లలు కొందరున్న అమెరికాలో, కాలిఫోర్నియా ప్రజలు 1978లో ఓటు వేసి ఆస్తిపన్నుకు కళ్ళెం వేశారు. దాంతో అక్కడి ఊళ్ళు ఈ రుసుము వైపు మళ్ళాయి. 1987లో చట్టం చేసి, ఆ సొమ్ము వేరే ఖాతాలో ఉంచాలనీ, అయిదేళ్ళు దాటినా ఖర్చుకాకపోతే సంజాయిషీ చెప్పాలనీ కట్టడి చేశారు. అక్కడ రుసుము వేసేదీ, కాలువ తవ్వేదీ చాలాచోట్ల ఎన్నికైన స్థానిక సభే.

ఇక్కడ అలా కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ, పన్నులు వేసే అధికారాన్ని శాసనసభ పంచాయతీలకు "ఇవ్వవచ్చు" అన్నది, "ఇవ్వాలి" అనలేదు. ఆ తేడా గుమస్తాకు తెలుసు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇంటిపన్నును పంచాయతీ చేతిలో పెట్టింది. అభివృద్ధి రుసుమును 1975 చట్టమే పట్టణాభివృద్ధి సంస్థలకు ఇచ్చి ఉంది. 1978లో వుడా వచ్చింది, 2018లో దాని స్థానంలో విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వచ్చింది. సర్పంచిని మనం ఎన్నుకుంటాం. అలాంటి సంస్థల పాలకవర్గాన్ని ప్రభుత్వం నియమిస్తుంది. 2006లో హైదరాబాదులో ఎత్తయిన భవనాలపై ప్రభావ రుసుము వచ్చింది. అదీ ప్రభుత్వ జీవోతోనే.

అంటే ఓటు అడిగే చెయ్యి వేరు, రసీదు రాసే చెయ్యి వేరు. సొమ్ము రాని సర్పంచి రుసుము కోసం పట్టుబట్టి, స్థలాలు అమ్మేవారితో తగవు ఎందుకు తెచ్చుకుంటాడు? 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా మన రాష్ట్రంలో పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. అప్పుడు అడగడానికి సర్పంచి కూడా లేడు.

కొత్తవలస విశాఖ వైపు పెరుగుతున్న ఊరు. నేటి పొలం రేపటి లేఅవుటు. అందుకే మనవి. గ్రామసభకు వెళ్దాం. మన ఊరి పేర ఎంత రుసుము వసూలైంది, ఎంత ఇక్కడ ఖర్చయింది అని 2005 సమాచారహక్కు చట్టం కింద అడుగుదాం. గ్రామస్థాయి కార్యాలయంలో దానికి దరఖాస్తు రుసుము కూడా లేదు. ఏ ఊరి సొమ్ము ఆ ఊరికి వేరే ఖాతాలో చూపాలని తీర్మానం కోరదాం.

జీవితమంతా ఇతరుల దరఖాస్తులకు నంబర్లు వేశాం. ఒక దరఖాస్తు మనమూ పెడదాం. మన ఇంటి ముందు నీరు తీయకపోయినా, మనవల ఇంటి ముందైనా తీస్తుంది.