గాలి ఒకటే, లెక్కలు వేరు

పట్టాలు అందుకున్న ఏరోస్పేస్ ఇంజినీర్లకు, వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు. ఎండ ముదరకముందే ముగిస్తాను.

సిమ్యులేషన్ మొదలుపెట్టగానే సాఫ్ట్‌వేర్ అడుగుతుంది: మీ గాలి ఎలాంటి గాలి? చాలామంది ఆ గడిలో ఉన్నదాన్ని అలాగే వదిలేసి మెష్ మీద పడతారు. మెష్‌కు వారం, గాలికి అర నిమిషం. నాకిది తలకిందుల వ్యవహారంగా తోస్తుంది.

గాలి విషయంలో అంచనా తప్పితే ఏమవుతుందో చూడండి. 1981 ఏప్రిల్ 14న కొలంబియా షటిల్ మొదటి యాత్ర ముగించుకుని జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్‌లతో కిందికి దిగుతోంది. తోక దగ్గర, ఇంజిన్ల అడుగున బాడీ ఫ్లాప్ అనే పలక ఉంటుంది. ముక్కు ఎంత ఎత్తి ఉంచాలో సర్దడంలో దానిదే పెద్ద పాత్ర. 7, 8 డిగ్రీలు వంచితే చాలని ముందు లెక్కలు చెప్పాయి. తీరా 16 దాకా వంచాల్సి వచ్చింది. విండ్ టన్నెల్లో మాక్ సంఖ్యను పెంచగలిగారు గానీ ఆ వేడిని తేలేకపోయారు. అక్కడి గాలికి విశిష్టోష్ణాల నిష్పత్తి 1.4 దగ్గరే నిలిచింది. పైన, షాక్ వెనక, ఆక్సిజన్ అణువులు విడిపోతున్నాయి. ఆ పనికి వేడి ఖర్చై నిష్పత్తి తగ్గింది. దాంతో పొట్ట వెనక భాగంలో ఒత్తిడి అంచనా కన్నా పడిపోయి ముక్కు పైకి లేవబోయింది. ఫ్లాప్‌కు ఇంకా వంగే జాగా ఉండబట్టి సరిపోయింది.

అలాగని ప్రతి లెక్కకూ రసాయన చర్యలు తగిలించకండి. ఈమధ్య ఆ మోజూ చూస్తున్నాను. కారు చుట్టూ గాలికి సాంద్రత మారదనుకుంటే చాలు; మాక్ 0.3 లోపు ఆ మార్పు 5 శాతం దాటదు. 12 కిలోమీటర్ల ఎత్తున మాక్ 2తో పోయే విమానం ముక్కు దగ్గర గాలి సుమారు 390 కెల్విన్. అక్కడ 1.4తో ఆదర్శ వాయువు, స్నిగ్ధతకు సదర్లాండ్ సూత్రం చక్కగా నడుస్తాయి. మాక్ 6కి అదే లెక్క 1,780 చూపిస్తుంది. కానీ 800 దాటాక అణువుల కంపనాలు వేడిని మింగుతాయి కనుక విశిష్టోష్ణాన్ని ఉష్ణోగ్రతతో పాటు మారనివ్వాలి. మామూలు ఒత్తిడిలో 2,000 పైన ఆక్సిజన్, 4,000 పైన నైట్రోజన్ విడిపోవడం మొదలవుతుంది. గాలి ఆ చోటు దాటేలోగా చర్యలు ముగుస్తాయనుకుంటే సమతుల్య మోడల్ చాలు. పైన పలచటి గాలిలో అవి ముగియవు. ఒక్కో చర్యకూ రేటు ఇవ్వాల్సిందే.

చంద్రుడి నుంచి తిరిగొచ్చిన అపోలో వేగానికి 1.4 పెట్టి చూడండి. లెక్క 58,000 కెల్విన్ అంటుంది, సూర్యుడి ఉపరితలానికి పదింతలు. అసలు విలువ 11,000 పైచిలుకు. సాఫ్ట్‌వేర్ ఎర్రగీత కూడా గీయదు. రేపు ఉద్యోగంలో ఎవరైనా రంగురంగుల ఫలితం చూపిస్తే గాలి ఏది పెట్టారని అడగండి. ‘డీఫాల్ట్’ అని జవాబొస్తే కుర్చీ లాక్కుని కూర్చోండి.